సెప్టిక్ ట్యాంకు, నాలుగు లైట్లు, మన ముక్కు

ముందే చెప్పేస్తున్నా, ఇది కంపు టపా. అన్నం తింటూ చదివే అలవాటున్నవాళ్ళు చెయ్యి కడుక్కుని వచ్చి చదవండి. కానీ చదవండి. మనలో చాలామంది ఊళ్ళో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టించామో, పాత ఇల్లు బాగు చేయించామో, నెలనెలా ఈఎమ్ఐ కడుతున్నామో కదా. ఆ ఇంటి వెనకాల సిమెంటు పలక కింద ఉన్న దాని గురించి ఈ గోలంతా.

మన వృత్తిలో సగం పని ఏదో ఒకటి నిండిందా లేదా అని చూసుకోవడమే. డిస్కు నిండిందా, మెమరీ నిండిందా, క్యూ నిండిందా. ప్రతిదానికీ ఒక డాష్‌బోర్డు, ఒక అలర్టు, అర్ధరాత్రి రెండింటికి ఒక ఫోను. అలాంటి మనం, ఇంటి సెప్టిక్ ట్యాంకు ఎంత నిండిందో ఎప్పుడైనా కొలిచామా? బాత్రూంలో నీళ్ళు వెనక్కి తన్నాకే దాని గురించి తెలుస్తుంది. అంటే సర్వర్ పడిపోయాక కస్టమర్ ఫోన్ చేసి చెప్పడం అన్నమాట. ఆఫీసులో అయితే దీనికి మేనేజరు ఊరుకుంటాడా?

నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం మాత్రం రాజాం కాదు, కాలిఫోర్నియా. ఆన్‌సైట్ మీద వెళ్ళినప్పుడు ఐదుగురం కలిసి ఒక ఆర్‌వీ అద్దెకి తీసుకున్నాం. తెలియనివాళ్ళకి... ఆర్‌వీ అంటే లారీ అంత బండిలో ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. దాని కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్ళది ఒకటి. సింకు, స్నానం నీళ్ళు పోయేది రెండోది, దాన్ని గ్రే ట్యాంక్ అంటారు. మరుగుదొడ్డిది మూడోది, బ్లాక్ ట్యాంక్. మా బండిలో ఆ మూడోది సుమారు 150 లీటర్లు. ఐదుగురు మగాళ్ళు, గోంగూర పచ్చడి, 150 లీటర్లు. లెక్క మీరే వేసుకోండి :-)

బండి గోడ మీద ఒక ప్యానెల్. బటన్ నొక్కితే లైట్లు వెలుగుతాయి: ఖాళీ, మూడో వంతు, మూడింట రెండు వంతులు, ఫుల్. రెండో రోజు క్యాంపు గ్రౌండులో డంప్ స్టేషన్ దగ్గర ట్యాంకు మొత్తం వదిలేసి, నీళ్ళు కొట్టి, శుభ్రంగా వచ్చి బటన్ నొక్కితే... మూడింట రెండు వంతులు! మళ్ళీ వెళ్ళి వాల్వు తీశాం, చుక్క రాలేదు. మళ్ళీ నొక్కాం, అవే లైట్లు. మా గుంటూరు మిత్రుడు "బాబాయ్, ఇది మనకంటే ముందు అద్దెకి తీసుకున్నవాళ్ళ బాకీ అయ్యుంటుంది" అన్నాడు. హాస్యానికే అన్నా, అది దాదాపు నిజం.

ఎలాగో చెప్తాను. ఆ సెన్సర్ అంటే పెద్ద విద్య ఏమీ కాదు. ట్యాంకు ప్లాస్టిక్ గోడకి వేర్వేరు ఎత్తుల్లో చిల్లులు పెట్టి స్టీలు బోల్టులు బిగిస్తారు. మురుగు ఆ బోల్టు దాకా వస్తే దాని గుండా చిన్న కరెంటు పారుతుంది, లైటు వెలుగుతుంది. అంతే. ఈసీఈ చదివినవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది మినీ ప్రాజెక్టు: బీసీ 547 ట్రాన్సిస్టరు, ఎల్ఈడీ, బజరు, గ్లాసులో నాలుగు వైర్లు. "వాటర్ లెవెల్ ఇండికేటర్". క్లాసులో సగం మంది అదే చేస్తారు, మిగతా సగం దాన్నే కొనుక్కొచ్చి చూపిస్తారు. లక్ష డాలర్ల బండిలోనూ అదే మినీ ప్రాజెక్టు ఉంది!

ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ఆ సెన్సర్ చెప్పేది మట్టం కాదు. "ఈ రెండు బోల్టుల మధ్య తడి ఉంది" అని మాత్రమే అది చెబుతుంది. దాన్ని మట్టం అని అర్థం చేసుకునేది మనం. మంచినీళ్ళలో ఆ రెండూ ఒకటే. మురుగులో కాదు. టాయిలెట్ పేపరు ముక్క ఒకటి బోల్టుకి అంటుకున్నా, జిడ్డు పొర గోడ మీద కారి ఎండకుండా ఉన్నా, కరెంటుకి దారి దొరికినట్టే. ట్యాంకు ఖాళీ అయినా లైటు వెలుగుతూనే ఉంటుంది. మా వాడన్న "ముందువాళ్ళ బాకీ" ఇదే.

మరి శుభ్రం చేయడం ఎలా? ఆర్‌వీల్లో తిరిగేవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్నది ఇది. ట్యాంకు ఖాళీ చేశాక సగానికి పైగా మంచినీళ్ళు నింపి, గిన్నెలు తోమే సబ్బు పోసి, అలాగే బండి నడపాలి. మలుపుల్లో, గతుకుల్లో నీళ్ళు ఎగిసిపడి గోడలు కడుగుతాయి. తర్వాత వదిలెయ్యాలి. అప్పటికీ పోకపోతే టాయిలెట్లోంచి సన్నటి గొట్టం దింపి, దాని కొసనున్న నాజిల్‌తో బోల్టులున్న గోడని కొట్టాలి. ఐసు ముక్కలు వేసి నడిపితే గీకేస్తాయని ఒక నమ్మకం ఉంది గానీ, ఐసు నీళ్ళ మీద తేలుతుంది, కరుగుతుంది, గోడకి పట్టిన మొండి మురికిని ఏమీ చేయలేదు.

అసలు పట్టకుండా చూసుకోవడం ఇంకా తేలిక. క్యాంపు గ్రౌండులో డ్రైనేజీ గొట్టానికి తగిలించి ఉన్నా బ్లాక్ ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్ళన్నీ పోయి గట్టిది మాత్రం కుప్పగా మిగిలిపోతుంది. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదిలితే ఆ ఉధృతికి అన్నీ కొట్టుకుపోతాయి. ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి. సబ్బు నీళ్ళు వెనకాల వచ్చి గొట్టాన్ని కడుగుతాయి. అమెరికావాళ్ళు నీళ్ళు పొదుపుగా వాడి ఇబ్బంది పడతారు. మనవాళ్ళు చెంబులకి చెంబులు పోస్తారు కాబట్టి ఈ ఒక్క విషయంలో మన అలవాటే శాస్త్రీయం. ఇవన్నీ పడలేనివాళ్ళకి ఇంకో రకం సెన్సర్ ఉంది. ట్యాంకుకి చిల్లు పెట్టకుండా బయటి గోడకి రేకు పట్టీ అంటిస్తారు. గార్నెట్ అనే కంపెనీ సీలెవెల్ ఈ రకమే. అది కెపాసిటెన్స్ మార్పుని బట్టి చెబుతుంది. మురుగుని తాకదు కాబట్టి దానికి మురికి పట్టదు. లోపలి పల్చటి పొరల్ని కూడా చాలావరకు పట్టించుకోదు.

సరే, ఇహ రాజాం.

బొబ్బిలి యుద్ధం కథ విన్నవాళ్ళకి మా ఊరు తాండ్ర పాపారాయుడి పేరుతో తెలుసు. మన జనరేషన్‌కి 1997లో పెట్టిన జీఎమ్మార్ ఇంజనీరింగ్ కాలేజీతో తెలుసు. శంషాబాద్ విమానాశ్రయం కట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారిది ఈ ఊరే. 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేవాళ్ళం, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా. జిల్లా మారినా మా వీధి కాలవ మారలేదనుకోండి. మా వీధిలో భూగర్భ డ్రైనేజీ లేదు. ఎవరి ఇంటి ట్యాంకు వాళ్ళదే.

సెలవుకి వెళ్ళినప్పుడు నాన్న మొదట పైన ఓవర్‌హెడ్ ట్యాంకు సంగతి చెప్పారు. మోటారు కంట్రోలరు పనిచేయట్లేదు, ట్యాంకు పొర్లిపోతోందట. ఎక్కి చూస్తే స్టీలు ప్రోబుల్లో ఒకటి తెల్లగా సున్నం పట్టి ఉంది, ఇంకోటి సగం తినేసి ఉంది. డీసీ కరెంటు పెట్టిన చోట జరిగేదే ఇది. ఒక కడ్డీ కరిగిపోతుంది, రెండోదాని చుట్టూ క్షారం పెరిగి నీళ్ళలోని సున్నం దానికి అంటుకుంటుంది. ఆర్‌వీ ప్యానెల్లో బటన్ నొక్కినప్పుడే కరెంటు పారేలా పెట్టడంలో ఈ అరుగుదల తగ్గే లాభం కూడా ఉంది. మంచి కంట్రోలర్లలో ఏసీ వాడతారు. ఆర్‌వీలో లేని లైటు వెలిగింది, ఇక్కడ ఉన్న నీళ్ళు కనబడలేదు. రెంటికీ మందు ఒకటే, మురికి పట్టిన కడ్డీని మార్చడమో రుద్దడమో.

"అల్ట్రాసోనిక్ పెట్టి ఫోన్లో చూపించొచ్చు కదా" అని మీరంటారని తెలుసు. పెట్టొచ్చు. కానీ రోబో బొమ్మల్లో వాడే రెండు కళ్ళ హెచ్‌సీ-ఎస్ఆర్04 ట్యాంకు ఆవిరికి కొన్నాళ్ళకే తడిసి పాడవుతుంది. నీళ్ళకి తట్టుకునే రకం తీసుకోవాలి. దానికి మొహం ముందు ఇరవై పాతిక సెంటీమీటర్లు ఏమీ కనబడదు, కాబట్టి మూత కంటే పైకి బిగించాలి. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లుంటే 40 డిగ్రీల దగ్గర సుమారు 355 అవుతుంది. మే నెలలో నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో మీటరుంపావు దూరానికి నాలుగు సెంటీమీటర్లు తేడా వచ్చేస్తుంది. వేడి కొలిచే సెన్సర్ కూడా పెట్టి సరిచేయాలి. ఇంత విని నాన్న "ఒక బంతి తేలేది పెట్టీ, సాలు" అన్నారు. మాగ్నెటిక్ ఫ్లోట్ స్విచ్ పెట్టేశాం. భేషుగ్గా పనిచేస్తోంది.

పైది అయ్యాక అమ్మ కింది దాని గురించి చెప్పింది. వర్షాకాలంలో లెట్రిన్లో నీళ్ళు దిగట్లేదట. "పదకొండేళ్ళయింది తీయించి" అంది.

ఇప్పుడొక ప్రశ్న. సెప్టిక్ ట్యాంకులో లెవెల్ సెన్సర్ పెడితే ఏం చూపిస్తుంది? ఎప్పుడూ ఫుల్! అది తప్పు కాదు. సెప్టిక్ ట్యాంకు నిండే ఉండాలి. లోపలికి చెంబుడు పోస్తే బయటికి చెంబుడు పోతుంది. గట్టిది అడుక్కి దిగి కుళ్ళుతుంది, జిడ్డు పైకి తెట్టులా తేలుతుంది, మధ్యలో ఉన్న నీళ్ళు అవతలి గొట్టం గుండా ఇంకుడు గుంతకి వెళ్తాయి. మట్టం ఆ గొట్టం ఎత్తు కంటే తగ్గితే ట్యాంకు కారుతోందని, పెరిగితే గొట్టమో ఇంకుడు గుంతో మూసుకుపోయిందని. శుభ్రం చేయాల్సిన సమయం వచ్చిందా అనేది మట్టం చెప్పదు. అది చెప్పాల్సింది అడుగున ఉన్న బురద మందం. అంటే మనం డాష్‌బోర్డు మీద పెట్టాల్సిన మెట్రిక్కే వేరు.

దాన్ని కొలిచే సెన్సర్ ఒకటుంది, ఖరీదు సున్నా. పొడవాటి వెదురు కర్ర, దానికి చుట్టిన తెల్ల గుడ్డ. మెల్లగా అడుగుదాకా దించి, రెండు మూడు నిమిషాలుంచి, నిటారుగా పైకి తీయాలి. బురద ఉన్నంత మేరా గుడ్డ నల్లగా మరకపడుతుంది. నాన్న పాత పంచె చింపి చుట్టాను. అమ్మ ముక్కు మూసుకుని వంటింట్లోంచి చూస్తోంది. మా ట్యాంకులో నీళ్ళ లోతు 54 అంగుళాలు, నల్ల మరక 23 అంగుళాలు. బురద మూడో వంతు దాటితే తీయించాలన్నది లెక్క. మూడో వంతంటే 18. దాటి చాలా కాలమే అయింది. మామూలుగా రెండు మూడేళ్ళకోసారి తీయించాలని చెబుతారు. మన ఊళ్ళలో పదేళ్ళకో, పొర్లాకో.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మూత తీశాక కాసేపు దూరంగా ఉండాలి. పైనుంచి తొంగి చూడకూడదు. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకూడదు. ఒంటరిగా చేయకూడదు. పిల్లలుంటే మూత తీసి వదిలేసి ఒక్క క్షణం కూడా పక్కకి వెళ్ళకూడదు.

మర్నాడు బండి వచ్చింది. ట్యాంకరు, వ్యాక్యూమ్ పంపు, లావు గొట్టం, డ్రైవరు, ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళలో చిన్నవాడికి ఇరవై ఉంటాయేమో. పైన నీళ్ళంతా అరగంటలో లాగేశారు. తర్వాత గొట్టం గుర్రుగుర్రుమంటోంది గానీ ఏమీ రావట్లేదు. డ్రైవరు వచ్చి నాన్నతో అన్నాడు:

"బాబూ, అడుగున గట్టిగా పట్టీసింది. గొట్టం లాగట్లేదు. మావోడు దిగి గునపంతో కదిపీస్తే అయిపోద్ది. ఒక అయిదొందలు పైన ఇచ్చీండి సాలు."

ఆ కుర్రాడు అప్పటికే చొక్కా విప్పుతున్నాడు.

నాన్న "దిగొద్దు" అన్నారు. డ్రైవరు నవ్వాడు. "ఏటవుద్ది బాబూ, రోజూ దిగేవోళ్ళమే. వోసనెక్కువగా నేదు కూడాను." గోడ అవతల నుంచి పక్కింటాయన కూడా అందుకున్నారు: "మా ఇంటికాడ పోయిన్సారి దిగినారు కదేటి మాస్టారూ, ఏటీ అవ్వలేదు. దిగనీండి, పనవుద్ది."

"వాసన ఎక్కువగా లేదు." నన్ను భయపెట్టిన మాట ఇదే.

అడుగు బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. మన ముక్కు చాలా గొప్ప సెన్సర్, గాలిలో పది లక్షల్లో ఒక వంతు కంటే తక్కువున్నా పట్టేస్తుంది. కానీ సుమారు 100 వంతులు దాటితే వాసన పట్టే నరం మొద్దుబారిపోతుంది. వాసన పోయిందనిపిస్తుంది. 500 దాటి పైకి వెళ్తే మనిషి నిమిషాల్లో, ఇంకా పెరిగితే ఒకటి రెండు శ్వాసల్లో పడిపోతాడు. అంటే తక్కువున్నప్పుడు సరిగ్గా చెప్పి, చంపేంత ఉన్నప్పుడు సున్నా చూపించే సెన్సర్ అది. ఆర్‌వీలో సెన్సర్ ఖాళీ ట్యాంకుని ఫుల్ అని అబద్ధం చెప్పింది. దానివల్ల పోయింది మా ఓపిక. ఈ అబద్ధం వల్ల పోయేది ప్రాణం. రెండూ మురికి పట్టిన సెన్సర్లే, కానీ ఏ వైపు అబద్ధం చెబుతుందనేదే అసలు తేడా. ఫెయిల్ సేఫ్ అని మనం పీపీటీల్లో రాసుకునేది ఇదే కదా.

పైగా ఆ గాలి బురద లోపల చిక్కుకుని ఉంటుంది. గునపంతో కదపగానే ఒక్కసారిగా బయటికొస్తుంది. కాబట్టి "దిగేముందు బానే ఉంది" అన్న మాటకి విలువ లేదు. నూతిలోకి దీపం దించి చూసే పాత పద్ధతి ఇక్కడ పెడితే ఇంకా ప్రమాదం. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే దీపానికి పేలుతుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం హాయిగా వెలుగుతుంది. ఒకడు పడిపోతే వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు, తర్వాత మూడోవాడు. పేపర్లో వచ్చే వార్తల్లో ఒక్కరి పేరు కాకుండా ఇద్దరు ముగ్గురి పేర్లు ఉండేది అందుకే.

"పోయినసారి ఏమీ కాలేదు" అన్నది కూడా మనకి తెలిసిన వాదనే. టెస్టింగ్ లేకుండా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసేవాడు అనే మాట అదే. కాకపోతే మనకి రోల్‌బ్యాక్ ఉంటుంది.

పక్కింటాయనతో నేను వాదించలేదు. డ్రైవరుతో మాత్రం చట్టం సంగతి చెప్పాను. 2013 చట్టం ప్రకారం సరైన రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. ఆ పని మున్సిపాలిటీయే చేయించనీ, ఏజెన్సీయే చేయించనీ, ఇంటాయనే చేయించనీ. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే అయిదేళ్ళు, అయిదు లక్షలు. బెయిలు దొరకని కేసు. దానికి ముందు 1993లోనే ఒక చట్టం వచ్చింది గానీ అది ముఖ్యంగా పొడి మరుగుదొడ్ల గురించి. అది అమలు కావట్లేదని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకి వెళ్తే, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగు కాలవల్లో చనిపోయినవాళ్ళ కుటుంబానికి పది లక్షలివ్వాలని. 2023 అక్టోబర్ 20న మరో కేసులో కోర్టు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఆ ఆందోళన్ నడిపిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల్లోని తెలుగు కుటుంబం నుంచి వచ్చినవారు. ఇంట్లోవాళ్ళు ఆ పనే చేసేవారు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆయనతో నిలబడ్డవారిలో మన ఆంధ్ర క్యాడర్ ఐఏఎస్ ఎస్.ఆర్.శంకరన్ గారొకరు.

ఇంత చెప్పాక డ్రైవరు అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "చట్టం సరే బాబూ, మరి ఆ గట్టిదెవుడు తీస్తాడు? సగం తీసి ఎలిపోతే ఈయనే రేపు డబ్బులియ్యరు" అని నాన్నని చూపించాడు. వాడి మాటలో న్యాయం ఉంది. ఇంటాయనకి పని పూర్తవ్వాలి, డ్రైవరుకి డబ్బులు కావాలి, ఆ రెంటి మధ్య చొక్కా విప్పేది ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు. "డన్" అంటే ఏంటో ముందు ఒప్పుకోకపోతే ప్రాజెక్టులో చివరికి బలయ్యేది అందరికంటే చిన్న ఉద్యోగే.

అప్పుడు పనికొచ్చింది ఒక పాత కోడు. సెప్టిక్ ట్యాంకులకి మన దేశంలో ఐఎస్ 2470 అనే ప్రమాణం ఉంది. అందులో ట్యాంకు అడుగున కొంచెం బురద వదలమనే ఉంది! కొత్తగా వచ్చేది కుళ్ళడానికి అదే తోడు. అచ్చం పెరుగు గిన్నె లాగే. మొత్తం కడిగేస్తే రేపటికి తోడు ఏది? అంటే అడుగుదాకా గీకించడం అనేది అవసరమే కాదు. మెరిసేలా కడగాలన్నది మన చాదస్తం, ఆ చాదస్తానికి ఇంకొకడు దిగాలి.

ఇది విన్నాక నాన్న డ్రైవరుతో తేల్చి చెప్పారు. "అయిదొందలు నానిస్తాను, దిగినందుకు కాదు, దిగనందుకు. ఎంతొస్తే అంత లాగు." డ్రైవరు కాసేపు ఆలోచించి అసలు విద్య బయటికి తీశాడు. ట్యాంకరులోకి లాగిన నీళ్ళనే పంపు తిప్పి గొట్టం గుండా మళ్ళీ ట్యాంకులోకి గట్టిగా కొట్టించాడు. పైనుంచి పొడవాటి కర్రతో కదిపారు, గాలి వాటం చూసుకుని, మూతికి దూరంగా నిలబడి. బురద పల్చబడింది, మళ్ళీ లాగారు. ఇలా మూడుసార్లు. ఆర్‌వీలో సబ్బు నీళ్ళు నింపి బండి నడిపే సూత్రమే ఇది. రెండు గంటలు ఎక్కువ పట్టింది. ఎవరూ దిగలేదు. పని అయ్యింది. "ఇది ముందే చేయొచ్చు కదా" అంటే "టైమెక్కువ బాబూ, రోజుకి రెండిల్లు తగ్గిపోతాయి" అన్నాడు. అంటే ఆ ప్రాణాన్ని పణంగా పెట్టేది రెండు గంటల డీజిలు కోసం.

తప్పనిసరిగా దిగాల్సిన పరిస్థితి వస్తే? ఆ పనికి పద్ధతులున్నాయి. లోపలికి గాలి కొట్టే బ్లోయరు, పైనుంచి గాలి అందించే మాస్కు, నడుముకి తాడు, పైన ముక్కాలి కప్పీ, నాలుగు వాయువుల్ని కొలిచే మీటరు. ఆ మీటరు సాధారణంగా ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ పది లక్షల్లో 10 వంతులు దాటినా అరుస్తుంది. ఆ మీటరుని కూడా వాడే రోజు పరీక్ష వాయువు చూపించి, అరుస్తుందో లేదో చూసుకోవాలి. ఎందుకంటే లోపలున్న సెన్సర్ కాలక్రమేణా చచ్చిపోతుంది, డిస్‌ప్లే మాత్రం చక్కగా సున్నా చూపిస్తూనే ఉంటుంది. హెల్త్ చెక్కుకి కూడా హెల్త్ చెక్ కావాలి. ఇవేవీ మా ఇంటికొచ్చిన బండిలో లేవు. మీ ఊరి బండిలో ఉన్నాయేమో అడగండి.

ఇంకో మాట. ఆర్‌వీకి డంప్ స్టేషన్ ఉంది. మా ట్యాంకరు ఎక్కడికి వెళ్ళింది? అడిగితే "ఊరి బైట" అన్నాడు. ఆ ఊరి బైట ఎవరో ఒకరి పొలమో, గెడ్డో. మన పెరడు శుభ్రమైతే చాలా, గెడ్డ ఎవరి పెరడు? దీనికి దారి లేకపోలేదు. బెంగుళూరులో ఉన్నవాళ్ళు విమానాశ్రయానికి వెళ్ళే దారిలో చూసే దేవనహళ్ళిలో 2015లోనే ఇలాంటి బురదని శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. వరంగల్ కార్పొరేషన్ 2016లో ఈ బళ్ళకి, ట్యాంకులకి నిబంధనలు పెట్టింది. 2017లో దేశానికంతటికీ ఒక విధానం ప్రకటించారు. చిన్న ఊళ్ళ దాకా అది పూర్తిగా చేరాలి. మనం ఊరెళ్ళినప్పుడు మున్సిపల్ ఆఫీసులో "బండి ఎక్కడ ఖాళీ చేస్తున్నారు?" అని ఒక్క ప్రశ్న అడగడానికి డబ్బులు ఖర్చు కావు.

ఏతావాతా నేను చెప్పొచ్చేది ఇది. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి. కర్రతో కొలవండి. మూడో వంతు దాటకముందే, బురద గట్టిపడకముందే బండిని పిలిపించండి. గట్టిపడకపోతే ఎవరూ దిగాల్సిన అవసరమే రాదు, అసలు రక్షణ అదే. బేరమాడేటప్పుడే "మనిషి దిగకూడదు, కొంచెం మిగిలినా డబ్బులిస్తాను" అని ముందే చెప్పండి. మీరు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటే అమ్మానాన్నలకి ఫోన్లో చెప్పండి. పని తొందరగా అయిపోవాలన్న తొందరలో వాళ్ళు ఒప్పేసుకుంటారు, ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి.

మా ట్యాంకు పలక మీద నాన్న ఆకుపచ్చ పెయింటుతో తేదీ రాశారు, కింద "3 సం." అని కూడా. పక్కింటాయన వచ్చి ఆ కర్ర ఒకసారి ఇస్తారా అని అడిగారట. అమ్మ ఇచ్చేసింది, తిరిగి తేవక్కర్లేదని కూడా చెప్పిందట :-)